కొత్త పాట కట్టే వయసు

ఈ నవంబరు 22కి మంగళంపల్లి బాలమురళీకృష్ణ వెళ్లిపోయి పదేళ్లు. మొన్న మార్చి 27కి ఆయన సహాధ్యాయి, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి పుట్టి నూరేళ్లు. బెజవాడలో ఒకే గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న ఇద్దరికి సంబంధించిన తేదీలు ఇలా ఒకే ఏడాది కలిసొచ్చాయి. సభలు జరుగుతాయి, పటాలకు దండలు పడతాయి, మైకుల్లో మళ్లీ ఆ రామదాసు కీర్తనలే వినిపిస్తాయి. వినిపించాల్సిందే. అయితే వీళ్ల జీవితాల్లో నన్ను కట్టిపడేసే సంగతి వేరే ఉంది. తల నెరిశాక, పద్మాలూ బిరుదులూ వచ్చాక కూడా పాత పాటతో పొద్దుపుచ్చలేదు వీళ్లు. కొత్తది కడుతూనే ఉన్నారు.

పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు ఇదొక పెద్ద ముచ్చట. 1962లో లండన్‌లో మొదలైన రోలింగ్ స్టోన్స్ బృందం 2023 అక్టోబరులో ‘హ్యాక్నీ డైమండ్స్’ అనే కొత్త ఆల్బమ్ తెచ్చింది. అప్పటికి మిక్ జాగర్‌కు 80 ఏళ్లు. బాబ్ డిలన్ 79వ ఏట కొత్త పాటల రికార్డు విడుదల చేశాడు. కెనడా కవి గాయకుడు లెనార్డ్ కోహెన్ నడుం నొప్పితో లేవలేని స్థితిలో, ఇంటి హాల్లో ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుని, కొడుకు పక్కనుండి రికార్డు చేయిస్తుంటే తన చివరి ఆల్బమ్ పాడాడు. అది విడుదలైన మూడు వారాల లోపే, 2016 నవంబరు 7న కన్నుమూశాడు. సరిగ్గా పదిహేను రోజులకు చెన్నైలో మన బాలమురళి. ఆయనకు 82, ఈయనకు 86. కోహెన్ చివరి రికార్డు మీద ప్రపంచ పత్రికలన్నీ పేజీలకు పేజీలు రాశాయి. బాలమురళి చివరి పదేళ్లలో ఏం కొత్తగా పాడారో మన తెలుగు పత్రికల్లో ఎంతమంది రాశాం?

కృష్ణ ఒడ్డున ఈ అలవాటు ఈనాటిది కాదు. అమరావతి శిల్పాల్లో వీణలు పట్టుకున్న స్త్రీలు రెండు వేల ఏళ్లుగా వాయిస్తూనే ఉన్నారు. మొవ్వ క్షేత్రయ్య 17వ శతాబ్దంలో ఊరూరూ తిరుగుతూ పదాలు కట్టాడు. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువుకు చేరేసరికి అవి వేలలో ఉన్నాయి. సీమలో అన్నమయ్య 95 ఏళ్లు బతికి, రోజుకొక సంకీర్తన తగ్గకుండా చెప్పాడని వాళ్ల ఇంటివాళ్లే రాసిపెట్టారు. త్యాగరాజు 80వ ఏట, సమాధికి కొద్ది రోజుల ముందు కూడా సహానలో కృతి కట్టారని శిష్యులు చెప్పుకున్నారు. ఆయన శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు మన పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. కావేరి ఒడ్డు పాట మూడు తరాల్లో కృష్ణ ఒడ్డుకు చేరిపోయింది. పంతులుగారు బెజవాడలో కూర్చుని పాఠం చెబితే, తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీ, ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన రామస్వామీ వచ్చి ఆయన ముందు కూర్చున్నారు. సోమవరప్పాడు నుంచి బెజవాడ వెళ్లే దారి మా గన్నవరం మీదుగానే.

పుట్టిన పదిహేను రోజులకే తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు మురళీకృష్ణ. ఎనిమిదో ఏట బెజవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణ మూర్తి భాగవతార్ ఆ పసివాడి పేరు ముందు ‘బాల’ చేర్చారు. 86 ఏళ్లు వచ్చినా ఆ మాట రాలిపోలేదు. 72 మేళకర్త రాగాలన్నిటిలోనూ సొంతంగా కృతులు కట్టి, 1952లో ‘జనకరాగ కృతి మంజరి’గా అచ్చు వేశారు. అప్పటికి ఆయనకు పాతిక ఏళ్లు కూడా లేవు. చాలాకాలం తరవాత సంగీతా కంపెనీ వాటిని ‘రాగాంగ రవళి’ పేరుతో తొమ్మిది భాగాలుగా రికార్డు చేసింది.

ఇక నాకు ప్రాణమైన చోటికి వస్తాను.

మహతి. నారదుడి వీణ పేరు. బాలమురళి తాను కట్టిన ఒక రాగానికి ఆ పేరు పెట్టుకున్నారు. 1967లో ఏవీఎం వారి ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం కూడా ఆయనే వేశారు. పెద్దలు చెప్పే శాస్త్రం ప్రకారం రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలి. మహతిలో ఉన్నవి నాలుగే: షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. ఎక్కినా అవే, దిగినా అవే. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవతం లేదు. స్వరానికీ స్వరానికీ మధ్య అంతంత ఖాళీ పెట్టి, ఆ ఖాళీలో జారిపడకుండా రాగాన్ని నిలబెట్టాలి. బాలమురళి ఆలాపన వినండి. గాంధారం మీద కాసేపు ఆగుతారు, పంచమం తాకి తిరిగొస్తారు, ఆ తరవాత నిషాదం దగ్గరకొచ్చి దాన్ని పూర్తిగా తేల్చకుండా వదిలేస్తారు. ఎవరో ప్రశ్న అడిగి మన ముఖంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. మనకు ఊపిరాడదు. అప్పుడు షడ్జంలోకి దిగుతారు.

1975లో కె. బాలచందర్ తమిళంలో ‘అపూర్వ రాగంగళ్’ తీస్తూ, పేరుకు తగ్గట్టు ఎవరూ వినని రాగంలో పాట కావాలన్నారు. సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ బాలమురళిని అడిగారు. ఆయన మహతి ఇచ్చారు. ఏసుదాసు పాడిన ఆ పాట మహతిలో మొదలై భైరవిలో ముగుస్తుంది. అలా నాలుగు స్వరాల రాగం సినిమా హాళ్లలో మోగింది.

నేను ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి ఒకటుంది. మీ వీధిలో గిటారు నేర్చుకునే కుర్రాడు ఉంటే, మహతి నాలుగు స్వరాలనూ ఒక్కసారిగా మీటమనండి. వచ్చేది ‘సెవెంత్ కార్డ్’. అమెరికాలో నల్లజాతి వారి బ్లూస్ అంతా నడిచేది దాని మీదే. ఆ బ్లూస్ పాడుకుంటూ మొదలైన కుర్రాళ్లే రోలింగ్ స్టోన్స్. తంబురా శ్రుతికీ గిటారు శ్రుతికీ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు గానీ స్వరాలు అవే. వాళ్లు నాలుగింటినీ ఒకే దెబ్బలో మోగిస్తే, మన బెజవాడ విద్వాంసుడు వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్నీ నడిపించి, రాగం చేశారు. షికాగో క్లబ్బులో గిటారు తీగల మీద అల్లాడే ఆ నిషాదం, మన తంబురా పక్కన కూడా తేలకుండా అలాగే వేలాడుతుంది.

మహతి ఒక్కటే కాదు. లవంగి ఉంది. అందులోనూ నాలుగే స్వరాలు, షడ్జం కాక శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. సర్వశ్రీలో అయితే మూడే: స, మ, ప. అంతకన్నా తగ్గిస్తే ఇంకేం మిగులుతుంది? దీనిమీద పెద్ద రగడే జరిగింది. వీణ ఎస్. బాలచందర్ సామాన్యుడు కాడు, మహా విద్వాంసుడు. ఆయన బహిరంగంగా తప్పుపట్టారు. రాగాన్ని ఒక మనిషి సృష్టించానని చెప్పుకోవడమేమిటి, అయిదు స్వరాలైనా లేనిది రాగమెలా అవుతుంది అన్నది ఆయన వాదం. మద్రాసు సభల్లో, పత్రికల్లో ఈ గొడవ చాలాకాలం నడిచింది. అప్పటికే బాలమురళికి మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చేసింది, 1978లో. యాభై దాటిన మనిషి, పేరున్నది, కచేరీలున్నాయి. ఎందుకొచ్చిన తంటా అని ఊరుకుని, త్యాగరాజ కృతులు పాడుకుంటూ హాయిగా ఉండొచ్చు. ఆయన ఉండలేదు. బాలచందర్ వాదంలో శాస్త్రం ఉంది, కాదనను. కానీ నలభై ఏళ్ల తరవాత పిల్లలు పోటీల్లో మహతి పాడుతున్నారు, లవంగి వేణువు మీద వినిపిస్తోంది. నా మట్టుకు నాకు తీర్పు అక్కడే వచ్చేసింది.

ఈ ధైర్యం ఆయనకు బెజవాడ రేడియో ఇచ్చిందని నా నమ్మకం. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. అక్కడ బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, అన్నవరపు రామస్వామి, బాలమురళి, అందరూ ఒకే గొడుగు కింద చేరారు. రేడియోకు రోజూ కొత్త సరుకు కావాలి. నిన్నటిది ఈ రోజు వేస్తే ఊరుకునేవాళ్లు కాదు. తత్వాలకు బాణీలు కట్టాలి, సంగీత రూపకాలు రాయాలి, తెల్లవారేసరికి భక్తిరంజనికి పాట సిద్ధం చేయాలి. మా గన్నవరంలో పాలు పితికే వేళకు ఇంటింటా ఆ గొంతులే. వినేవాళ్లకు అది భక్తి. కట్టేవాళ్లకు రోజువారీ సాధన. రోజూ కొత్తది కట్టడం ఒకసారి అలవాటైపోతే, అరవై దాటాక అది పోతుందా?

పోలేదు. రజనిగారు 98 ఏళ్లు బతికారు. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసిన మనిషి తానే వాగ్గేయకారుడై, 2018 ఏప్రిల్‌లో బెజవాడలోనే కన్నుమూశారు. రామస్వామిగారు 1986లో ఆకాశవాణి ఉద్యోగం ముగించుకున్నా వయొలిన్‌ను పెట్టెలో పెట్టలేదు. వందన, శ్రీదుర్గ అనే రాగాలు, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు ఆయన కల్పనలు. రాగం కట్టినవాళ్లు కొందరున్నారు, తాళం కట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 95వ ఏట, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆలస్యమైంది, చాలా ఆలస్యమైంది.

బాలమురళి చివరి దశ కూడా చూడండి. 2009లో తమిళ సినిమా ‘పసంగ’ కోసం జేమ్స్ వసంతన్ పిలిస్తే, 78 ఏళ్ల వయసులో వెళ్లి శివాంగి అనే చిన్నపిల్లతో కలిసి కుటుంబం మీద పాట పాడారు. పెద్ద విద్వాంసుణ్ణన్న బిగువు ఆ గొంతులో ఎక్కడా లేదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని పాడినట్టుంటుంది. టాగూర్ గీతాంజలి మాటలకు ఇంగ్లండ్‌లో ఉండే గోవా సంగీతకారుడు కూర్చిన సంగీత మాలికలో, బ్రిటిష్ బృందగానం ముందు నిలబడి ప్రధాన గాయకుడిగా పాడారు. ‘గ్రామం’ అనే మలయాళ చిత్రంలో పాడినందుకు కేరళ ప్రభుత్వం శాస్త్రీయ గాయకుడి పురస్కారం ఇచ్చింది. తమిళులు పిలిచారు, మలయాళీలు పిలిచారు, ఇంగ్లండ్‌వాళ్లు పిలిచారు. మనం పిలిచినప్పుడల్లా శాలువా కప్పాం, పాత కీర్తన అడిగాం. చివరి కచేరీల్లో గొంతు మునుపటంత సాగేది కాదు, నిజమే. మూడు స్థాయిల్లో విహరించిన గొంతు మంద్రంలో ఎక్కువసేపు కూర్చునేది. కానీ ఆ నెమ్మదిలోనే రాగం లోపలి ఎముక కనిపించేది. వయసు వచ్చిన గాయకుడు మాత్రమే చూపించగలిగినది అది.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల 51 ఏళ్లకే 1974లో వెళ్లిపోయారు. అయినా ఆరోగ్యం చెడిన ఆ చివరి రోజుల్లో ఆయన ఎంచుకున్నది సినిమా పాట కాదు, భగవద్గీత. బెజవాడ దుర్గాపురంలో బాలమురళి మొదటి ప్రిన్సిపాల్‌గా నడిపిన ప్రభుత్వ సంగీత కళాశాలకు ఇప్పుడు ఘంటసాల పేరే ఉంది. కృష్ణకు అవతలి ఒడ్డున, రేపల్లె తాలూకాలో పుట్టిన ఎస్. జానకి 2016లో, 78 ఏళ్లకు, ఒక మలయాళం జోలపాట పాడి ఇక చాలన్నారు. ఆ మాటనూ గౌరవించాలి. ఎవరి గొంతు ఎప్పుడు ఆగాలో చెప్పాల్సింది ఆ గొంతు యజమానే.

ఇప్పుడు ఆ మాట చెప్పే హక్కు కూడా చిక్కుల్లో పడింది. 2023 నవంబరులో బీటిల్స్ పేరుతో వచ్చిన చివరి పాటలో 1980లోనే చనిపోయిన జాన్ లెనన్ గొంతు ఉంది. ఆయన ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాటలోంచి కంప్యూటర్ పియానో మోతను విడదీసి గొంతును శుభ్రం చేసింది. 81 ఏళ్ల పాల్ మెక్‌కార్ట్నీ ఆ గొంతుకు తోడు పాడాడు. అది స్నేహితుడి పని, కుటుంబం ఒప్పుకున్న పని. మరుసటి జనవరిలో మన దగ్గర గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కుటుంబం ఒక తెలుగు సినిమావాళ్లకు నోటీసు పంపాల్సి వచ్చింది. ఆయన గొంతును తమను అడగకుండా యంత్రంతో పుట్టించి వాడారన్నది ఫిర్యాదు. బాలు 2020లో పోయారు. బతికున్న ముసలి విద్వాంసుణ్ణి కొత్త పాట అడగడానికి తీరిక లేని మనం, పోయినవాళ్ల గొంతుతో కొత్త పాట తయారు చేయడానికి తొందరపడుతున్నాం. నాకిది బొత్తిగా మింగుడు పడదు.

అందుకే నా విన్నపం ఇది. గన్నవరంలో, ఉయ్యూరులో, కూచిపూడిలో, దివిసీమ పల్లెల్లో ఎనభై దాటిన పాటగాళ్లు ఇంకా ఉన్నారు. హార్మోనియం పట్టిన నాటకాల పద్యగాళ్లు, నాదస్వరం వాయించే పెద్దలు, బుర్రకథ చెప్పినవాళ్లు, రిటైరైన సంగీతం మాస్టార్లు. ఈ సభల హడావిడి అయ్యేలోపు వాళ్లలో ఒకరింటికి వెళ్లండి. ఫ్యాను కట్టేసి, తలుపు దగ్గరగా వేసి, ఫోను ఆన్ చేయండి. ముందుగా తేదీ, ఊరు, వారి పేరు వాళ్లచేతే చెప్పించండి. ‘ఈ మధ్య కొత్తగా ఏం కట్టారు, బాబాయిగారూ?’ అని అడగండి. పాతది కావాలంటే ఆఖర్న అడగవచ్చు.