అర్ధరాత్రి తలుపు చప్పుడు

"కేడీ" అనేది మా హోసూరులో తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు అందరూ వాడే తిట్టు. సినిమాల్లోనూ వింటాం. కానీ ఆ మాట ఈ మూడు భాషల్లో దేనిదీ కాదు, పోలీసు స్టేషన్‌ది. "నోన్ డెప్రెడేటర్" అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కె, డి కలిసి కేడీ అయింది. దోపిడీలు చేస్తాడని పోలీసులకు తెలిసిన మనిషి అని అర్థం. కోర్టులో రుజువైందా లేదా అన్న సంగతి ఆ మాటలో ఎక్కడా లేదు.

నేరం రుజువు కాని మనిషిని ప్రభుత్వం ఎంతవరకు కనిపెట్టి ఉండవచ్చు? ఈ రోజుల్లో ఈ ప్రశ్న ఫోన్ల గురించి, ఇంటర్నెట్ గురించి వినిపిస్తోంది. టీవీ చర్చల్లో అదేదో కొత్త సమస్య అన్నట్టు మాట్లాడతారు. చరిత్రలోకి పోయి చూస్తే చాలా పాతది. అందులో మన తెలుగువాళ్ల పాత్ర కూడా ఉంది, రెండు వైపులా ఉంది.

మొదటి వైపు మా ఇంటి నుంచే చెప్తాను. మాది ఎరుకల కుటుంబం. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో "క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్" అని ఒక చట్టం తెచ్చింది. ముందు ఉత్తరాదిలో మొదలుపెట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసింది. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థుల కింద లెక్కగట్టే చట్టం అది. పేర్లు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునేవాళ్లు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఇల్లు మారితే తెలపాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు వినే ఉంటారు. అది ఎరుకలవాళ్లను తెచ్చి ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే ఆయన పేరు దానికి పెట్టారు.

మా తాత వాళ్ల నాయన బుట్టలు అల్లేవాడు. పక్క ఊరి సంతకు బుట్టలు మోసుకుపోవాలన్నా చీటీ చూపాల్సి వచ్చేదంట. రాత్రిపూట నిద్రపోతున్నవాళ్లను లేపి లెక్క పెట్టుకుని పోయేవాళ్లని తాత చెప్తాడు. "ఇంతకీ ఆయన ఏం దొంగతనం చేశాడు తాతా?" అని అడిగాను. "చేసి ఉంటే జైల్లో పెట్టేవాళ్లు కదరా, ఇంక చీటీ ఎందుకు?" అన్నాడు.

దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ అలవాటు రద్దు కాలేదు. ఆ సంగతి ఖరక్ సింగ్ కేసు చదివితే తెలుస్తుంది.

ఖరక్ సింగ్‌ది ఉత్తరప్రదేశ్. 1941లో ఒక దోపిడీ కేసులో ఆయనను అరెస్టు చేశారు. సాక్ష్యం లేక వదిలేశారు. అక్కడితో అయిపోవాలి కదా! పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. అక్కడి పోలీసు నియమావళిలో 236వ నిబంధన ప్రకారం ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా ఉండవచ్చు, రాత్రిళ్లు ఇంటికి వెళ్లి చూడవచ్చు, ఎక్కడికి పోతున్నాడో ఎవరితో తిరుగుతున్నాడో రాసుకోవచ్చు. ఊరి చౌకీదారు, పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు బాది, కేకలు వేసి ఆయన్ను లేపేవాళ్లు. ఊరు దాటాలంటే ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకు చెప్పి పోవాలి. స్వతంత్రం వచ్చినా, రాజ్యాంగం వచ్చినా ఇది ఆగలేదు. చివరికి ఆయన నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాడు.

1962 డిసెంబర్ 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. నలుగురు ఒక మాట, ఇద్దరు ఒక మాట. నలుగురు ఏమన్నారంటే, అర్ధరాత్రి ఇంట్లోకి రావడం తప్పు, దాన్ని కొట్టేస్తున్నాం. మిగతా నిఘా మాత్రం ఉండవచ్చు, ఎందుకంటే గోప్యత అనే హక్కు మన రాజ్యాంగం ఇచ్చిన హామీల్లో లేదు. అంటే తలుపు బాదకుండా బయట నిలబడి చూస్తే ఫర్వాలేదన్నమాట. నాకు ఇది వింతగా అనిపించింది. నిద్ర చెడగొట్టడం ఒక్కటే ఆ మనిషికి జరిగిన అన్యాయమా?

ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయనతో జస్టిస్ జె.సి. షా కలిశారు. సుబ్బారావుగారు 1902లో రాజమండ్రిలో పుట్టారు. లా చదివింది మద్రాసులో, వకీలుగా పేరు తెచ్చుకున్నదీ మద్రాసులోనే. అప్పట్లో రాజమండ్రీ, మా హోసూరూ ఒకే మద్రాసు రాష్ట్రం కింద ఉండేవి. 1954లో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పెద్ద పరీక్షలకు చదివేవాళ్లకు ఆయన 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పుతో తెలుసు. నన్నడిగితే 1962లో ఆయన రాసిందే గొప్పది.

ఆయన వాదన నాకు అర్థమైనంతలో చెప్తాను. స్వేచ్ఛ అంటే కాళ్లకు సంకెళ్లు లేకపోవడం ఒక్కటే కాదు. రోడ్డు మీద ఎవరూ ఆపకపోయినా, వెనకాల ఒకడు నీడలా వస్తుంటే మనిషి తనకు నచ్చినట్టు నడవలేడు, నచ్చినవాళ్లతో మాట్లాడలేడు. అడుగు తీసి వేయగలడు గానీ అది స్వేచ్ఛగా వేసిన అడుగు కాదు. రాజ్యాంగంలో గోప్యత అనే మాట విడిగా లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది ముఖ్యమైన భాగమే. కాబట్టి 236వ నిబంధన మొత్తం పోవాలి. ఇలా నిఘా మనసు మీద చేసే పనిని ఆయన లెక్కలోకి తీసుకున్నారు. మా తాత నాయనకు సంతలో ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలన్నా భయమేనని విన్నాను. సుబ్బారావుగారు చెప్పింది అదే.

ఇలా తక్కువమంది ఇచ్చిన తీర్పును ఇంగ్లీషులో మైనారిటీ తీర్పు అంటారు. మా స్కూలు బోర్డు మీద కూడా ఆ మాట ఉంది కాబట్టి నాకు చప్పున గుర్తుండిపోయింది. అలాంటి తీర్పు చట్టం కాదు, అమలు కాదు. పుస్తకాల్లో అలా ఉండిపోతుంది.

ఈలోగా నిఘా తలుపు దగ్గర్నుంచి తీగల్లోకి పోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో 5వ సెక్షన్ ప్రభుత్వానికి సందేశాలను అడ్డగించి చూసే అధికారం ఇచ్చింది. టెలిఫోన్లు వచ్చాక అదే సెక్షన్‌తో ఫోన్లు విన్నారు. 1986లో ఉత్తరాలు తెరిచి చూసే అధికారాన్ని పెంచుతూ పార్లమెంటు ఒక బిల్లు పాస్ చేస్తే రాష్ట్రపతి జైల్ సింగ్ దాని మీద సంతకం పెట్టలేదు. మా పక్కనే ఉన్న కర్ణాటకలో 1988లో ఫోన్ ట్యాపింగ్ గొడవతో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. చివరికి 1996లో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. హోం సెక్రటరీ రాతపూర్వకంగా ఆదేశం ఇస్తేనే వినాలి, ఆదేశం రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, పైన ఒక కమిటీ సమీక్షించాలి. ఆ తీర్పు తేదీ కూడా డిసెంబర్ 18! సరిగ్గా 34 ఏళ్ల తర్వాత. యాదృచ్ఛికమే గానీ చూసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. అయితే ఆదేశం ఇచ్చేది అధికారే, సమీక్షించేదీ అధికారులే. జడ్జి ఎవరూ లేరు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 2008 నవంబర్ 26న ముంబై మీద ఉగ్రవాదులు దాడి చేశారు. మరుసటి నెలలోనే పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించింది. 69వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్లో గానీ ఫోన్‌లో గానీ ఉన్న ఏ సమాచారాన్నైనా ప్రభుత్వం చూడవచ్చు, తాళం తీసి ఇమ్మనవచ్చు. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. పాత టెలిగ్రాఫ్ చట్టంలో ప్రజలకు అత్యవసర పరిస్థితో, ప్రజా భద్రతకు ముప్పో ఉంటేనే వినాలన్న షరతు ఉండేది. ఇందులో ఆ షరతు లేదు. బ్రిటిష్‌వాళ్ల చట్టం కంటే మన చట్టమే వెడల్పన్నమాట.

"మరి దొంగల్ని, టెర్రరిస్టుల్ని పట్టుకోవాలంటే వినకూడదా?" అంటాడు మా నాయన. నిజమే. ముంబై దాడిలో ఆ ఉగ్రవాదులకు ఫోన్లో ఆదేశాలిస్తున్న గొంతులను విని రికార్డు చేశారు, తర్వాత కోర్టులో అవి సాక్ష్యంగా పనికొచ్చాయి. నిఘా అసలు వద్దని సుప్రీంకోర్టు కూడా ఎప్పుడూ అనలేదు. ఎవరి మీద, ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరికి జవాబు చెప్పి అన్నదే ప్రశ్న.

2012లో మా ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు నుంచి ఒక పెద్దాయన కోర్టుకెక్కారు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికే ఆయనకు 80 ఏళ్లు దాటాయి. కేసు ఆధార్ గురించి. విచారణలో ప్రభుత్వం తరఫు వాళ్లు ఖరక్ సింగ్ కేసునే తీసుకొచ్చారు. గోప్యత హక్కు కాదని మీరే చెప్పారు కదా అన్నారు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది జడ్జీలు కూడా అలాగే అన్నారు. ఎనిమిదిమంది మాట మార్చాలంటే తొమ్మిదిమంది కూర్చోవాలి. కూర్చున్నారు. అందులో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒకరు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒకే మాట చెప్పారు: గోప్యత ప్రాథమిక హక్కు. ప్రభుత్వం అందులో చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. 1962లో సుబ్బారావుగారి వైపే సరైనదని తీర్పులో రాశారు. 55 ఏళ్లు పట్టింది. ఆయన 1976లోనే పోయారు.

కథ ఇక్కడ సుఖాంతం అవుతుందనుకుంటే కాలేదు. 2018 డిసెంబర్ 20న కేంద్ర హోం శాఖ 69వ సెక్షన్ కింద పది సంస్థలకు అధికారం ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2021లో పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ గొడవ వచ్చింది. మన తెలుగాయనే జస్టిస్ ఎన్.వి. రమణ అప్పుడు ప్రధాన న్యాయమూర్తి. ఆయన ధర్మాసనం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింటిలో ఏదో చెడ్డ సాఫ్ట్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేల్చలేకపోయారు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు రమణగారు కోర్టులోనే అన్నారు. 2024లో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు.

ఇదంతా చదివాక నాకు ఒక తేడా కనిపించింది. ఖరక్ సింగ్‌కు తలుపు చప్పుడు వినిపించింది. ఎవరొచ్చారో, ఏ రాత్రి వచ్చారో ఆయనకు తెలుసు. అందుకే కోర్టుకు వెళ్లగలిగాడు. మా తాత నాయనకు చీటీ చేతిలో ఉండేది. ఇప్పుడు ఫోన్లోకి తొంగి చూస్తే చప్పుడు రాదు. చూసిన తర్వాతైనా, నిఘా అయిపోయాకైనా, "మీ ఫోన్ విన్నాం" అని ఆ మనిషికి చెప్పాలన్న నియమం మన చట్టంలో లేదు. తెలియనివాడు ఏమని కోర్టుకెక్కుతాడు? 2017 తీర్పు ఇచ్చిన హక్కు వాడుకోవాలంటే ముందు అది పోయిందని తెలియాలి కదా.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. నాకు 15 ఏళ్లు. ఆ చట్టం ప్రకారం 18 నిండని నా వివరాలు ఏ కంపెనీ అయినా వాడుకోవాలంటే మా అమ్మో నాయనో ఒప్పుకోవాలి. అదే చట్టంలో 17వ సెక్షన్ ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను కేంద్రం ఈ చట్టం నుంచి మినహాయించవచ్చు. వాళ్లు మా అమ్మను అడగక్కర్లేదు.