కాదన్న మాటకు కాగితమేదీ?

మనవాళ్లు బడిలో చోటడిగిన చరిత్ర ఒకచోట రాసి లేదు. బడులు పెట్టిన దొరల చరిత్ర ఉంది. సంస్కర్తల చరిత్ర ఉంది. బడి గుమ్మం ముందు నిలబడి, చేర్చుకోమని అడిగి, కుదరదనిపించుకుని ఇంటిముఖం పట్టిన పిల్లల చరిత్ర మాత్రం లేదు. ఎట్లా ఉంటుంది? వాళ్లను కాదన్నది నోటితో. నోటిమాటకు తేదీ ఉండదు, నెంబరుండదు, సంతకముండదు. సంతకం లేనిదాన్ని చరిత్రకారులు లెక్కలోకి తీసుకోరు.

నేను ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ హైస్కూలు టీచర్ని. పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. మా తాత మిషన్ బడిలో మూడో తరగతి. మా నాయన ఐదో తరగతి. నేను బి.ఏ., బి.ఇడి. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. చెప్పుకోవడానికి ఇది మెట్లెక్కిన కథలాగే ఉంటుంది. ఒక్కో మెట్టు మీద ఎవరు అడ్డం నిలబడ్డారో, ఏమని అడ్డం నిలబడ్డారో ఈ లెక్కలో కనపడదు. 2023లో నా కూతురి ఆరో తరగతి సీటు కోసం అర్జీ పట్టుకుని ఆఫీసులు తిరిగినప్పుడే ఆ లెక్క తీయాలనిపించింది. తీస్తే అది నా ఇంటి దగ్గర ఆగలేదు.

మనకు దొరికే అర్జీల్లో చాలా పాతది ధార్వాడది. 1856లో బొంబాయి ప్రెసిడెన్సీలోని ధార్వాడ ప్రభుత్వ బడిలో చేరతానని ఒక మహర్ కుర్రాడు పోయాడు. చేర్చుకోలేదు. ఆ కుర్రాడు ఊరుకోలేదు, బొంబాయి ప్రభుత్వానికే అర్జీ పెట్టాడు. ఆ ఏడు జూలైలో ప్రభుత్వం జవాబు రాసింది. న్యాయం చూస్తే కుర్రాడి పక్షానే ఉందని ఒప్పుకుంది. కానీ వీణ్ణొక్కణ్ణి చేర్చుకుంటే తక్కినవాళ్లంతా బడి మానేస్తారనీ, ఒక్కడి కోసం బడిని పాడుచేసుకోలేమనీ తేల్చింది. న్యాయం నీదే, బడి మాత్రం వాళ్లది! ఇదీ ఆ తీర్పు.

ఈ కాగితం అక్కడితో ఆగలేదు. 1857 జనవరిలో భారత ప్రభుత్వం బొంబాయికి ఉత్తరం రాసింది. బెంగాల్లో అయితే ఏ ప్రభుత్వ బడిలోనూ ఇట్లా కాదనేవాళ్లు కాదని అందులో ఉంది. వ్యవహారం లండన్ దాకా పోయింది. ప్రభుత్వ బడులు ఏ కులం తేడా లేకుండా అందరివీ అని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు 1858లో ఉత్తర్వు పంపారు. అదే ఏడు కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. ఉత్తర్వు మిగిలింది. అమలు మిగల్లేదు. 1882లో వేసిన హంటర్ కమిషన్ కూడా ఆ సూత్రం సరైనదేనంది. అంటూనే, ఊళ్లోవాళ్లు ఒప్పుకోనిచోట వీళ్లకు వేరే బడులు పెట్టడం మంచిదంది. సూత్రం మనకు, బడి వాళ్లకు. మళ్లీ అదే పంపకం.

ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో, అసలు చదువుకున్నాడో లేదో నేను చదివినవాటిలో కనపడలేదు. అతని కాగితం మాత్రం చావలేదు. 1928లో సైమన్ కమిషన్‌కు బహిష్కృత హితకారిణి సభ తరఫున డాక్టర్ అంబేడ్కర్ బొంబాయి ప్రెసిడెన్సీలో అణగారిన కులాల చదువు మీద ఒక నివేదిక ఇచ్చాడు. అందులో ఈ ధార్వాడ అర్జీని ముందుకు తెచ్చి, ప్రభుత్వమే తన చేత్తో రాసిన కారణాన్ని ప్రభుత్వం మొహం ముందు పెట్టాడు. డెబ్బై రెండేళ్ల తర్వాత! కాదన్నది కాగితం మీద ఉండబట్టే అది సాక్ష్యమయింది. నోటితో పొమ్మనుంటే బాబాసాహెబ్ చేతికి ఏం దొరికేది?

మా జిల్లాల్లో కథ వేరే దారిన నడిచింది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ మాదిగపల్లెల్లోకి వచ్చింది అతని వెంటే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా పల్లెలోకి అక్షరం వచ్చింది ఆ ఏటి వైపు నుంచే. సర్కారు బడి మనల్ని రానివ్వని రోజుల్లో మిషన్ బడి పల్లెలోకే వచ్చింది. ఆ మేలు మరిచిపోయేది కాదు. అయితే పల్లెలో బడి పల్లెలోనే ఉండిపోయింది. మూడో తరగతో, ఐదో తరగతో అయినాక పై చదువుకు ఊళ్లోకి పోవాల్సిందే. అడ్డుకట్ట అక్కడ పడింది. మనవాళ్లను అక్షరం దగ్గరకన్నా హైస్కూలు గుమ్మం దగ్గర ఆపటమే ఎక్కువ. అక్షరం వచ్చిన మాదిగోడు పద్దు చదువుతాడు. హైస్కూలు చదివినోడు పద్దు అడుగుతాడు.

మా నాయన సంగతి అదే. 1970ల మొదట్లో ఐదు పాసై ఊళ్లో హైస్కూలుకు పోతే, "సీట్లు లేవురా, వచ్చే ఏడు రా" అన్నారంట. వచ్చే ఏడు పోతే, "వయసు మీరిపోయింది" అన్నారంట. ఆయన్ని ఇప్పుడడిగినా, "సీట్లు లేవన్నారమ్మా, ఏంజేస్తాం" అనే అంటాడు. అప్పుడు సీట్లు ఎన్ని ఉన్నాయి? ఎవరెవరిని చేర్చుకున్నారు? ఆయనకు తెలీదు. అడగాలనే తోచలేదు. అడిగే హక్కుందని చెప్పినోళ్లూ లేరు. యాభై ఏళ్లుగా మా నాయన ఆ రెండు మాటల్ని నిజమనే నమ్మి బతుకుతున్నాడు. కాదన్నోడికి అంతకంటే ఏం కావాలి?

ఆ పాటికి రాజ్యాంగం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 29వ అధికరణం రెండో భాగం చదవండి. ప్రభుత్వం నడిపే బడిలోగాని, ప్రభుత్వ సాయం తీసుకునే బడిలోగాని కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఏ పౌరుడికీ ప్రవేశం నిరాకరించకూడదని ఉంటుంది. ధార్వాడ కుర్రాడి కోసమే రాసినట్టుంటుంది. కానీ ఆ అధికరణాన్ని పట్టుకుని సుప్రీంకోర్టులో మొదట గెలిచింది ఎవరు? మద్రాసు రాష్ట్రంలో అప్పుడు కమ్యూనల్ జీవో నడిచేది. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లకు హరిజనులకు 2, బ్రాహ్మణులకు 2, తక్కినవి తక్కినవాళ్లకు. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ స్త్రీ ఇది తన హక్కుకు భంగమని కోర్టుకు పోయింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లదంది. విచిత్రం ఏమంటే, ఆమె ఆ సీటుకు అసలు దరఖాస్తే పెట్టలేదు. ఆ సంగతి తీర్పులోనే ఉంది. దరఖాస్తు పెట్టనామెకు దేశంలోనే పెద్ద కోర్టు తలుపు తెరుచుకుంది. దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ మా నాయనకు హైస్కూలు తలుపు తెరుచుకోలేదు. ఆ తీర్పు తర్వాతే అదే ఏడు మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది. మన రిజర్వేషన్లు దానిమీద నిలబడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1856లో దొరలు కారణం రాశారు. కులం అనే రాశారు. రాయడానికి వాళ్లకు సిగ్గు లేదు, భయమూ లేదు. రాజ్యాంగం వచ్చాక ఆ కారణం రాస్తే నేరం. అప్పుడు కారణం పోలేదు, రాయడం పోయింది. కాగితం మీద ఉన్న కులం నోట్లోకి దిగింది. నోట్లో కూడా పేరు మార్చుకుంది. సీట్లు లేవు అంది. వయసు చాలదు అంది. టీసీ రాలేదు అంది. కంప్యూటర్ తీసుకోవట్లేదు అంది.

2023 జూన్ బదిలీల్లో నాకు కొత్త చోటు వచ్చింది. సంసారాన్ని ఒక పట్నానికి మార్చాం. ఇల్లు అద్దెకు దొరికింది పల్లెను ఆనుకునే. ఎందుకు అక్కడే దొరికిందో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. పాప ఐదు అయిపోయి ఆరుకు వచ్చింది. నడిచిపోయేంత దూరంలో ప్రభుత్వ హైస్కూలు ఉంది. పోయి అడిగితే సెక్షన్ నిండిపోయిందన్నారు. తర్వాత, పాత బడివాళ్లు పాప పేరును చైల్డ్ ఇన్ఫోలో డ్రాప్ బాక్సులో పెట్టలేదు, అది కాకుండా చేర్చుకోలేం అన్నారు. పాత బడి హెడ్మాస్టరుకూ అప్పుడే బదిలీ అయింది. "మీరూ హైస్కూలే కదా మేడం, మీ బడిలోనే చేర్చుకోండి" అని సలహా కూడా ఇచ్చారు. నేను పనిచేసే బడికి రెండు బస్సులు మారాలి. పదేళ్ల పిల్ల రోజూ రెండు బస్సులు మారాలా, ఇంటి పక్కన బడి పెట్టుకుని?

"సరే సార్, చేర్చుకోలేమన్న సంగతే ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "కాదన్నదానికి కాగితమేంటి మేడం?"

ఆ మాట విన్నాకే పల్లెలో విచారించాను. అదే బడి నుంచి తిరిగొచ్చిన పిల్లలు ఇంకా నలుగురున్నారు. "సీట్లు లేవంట పంతులమ్మా" అని తల్లులు మామూలుగా చెప్పారు, వానలేదన్నట్టు. వాళ్లలో ఒక పిల్ల అప్పటికే అమ్మతోపాటు పొగాకు గ్రేడింగుకు పోతోంది. ఎవరి దగ్గరా చిన్న చీటీ కూడా లేదు. అడిగితే అసలు వాళ్లు బడికి వచ్చినట్టే ఎక్కడా ఉండదు.

అయిదుగురి పేర్లతో ఒకటే అర్జీ రాశాను. నా కూతురి పేరు అయిదోది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదనీ కాదనకూడదు. 15వ సెక్షన్ ప్రకారం గడువు దాటిందనీ కాదనకూడదు. ఇవన్నీ రాసి మండల విద్యాధికారికి ఇచ్చి, తపాలా సెక్షన్‌లో నకలు మీద ముద్ర, తేదీ, నెంబరు వేయించుకున్నాను. అదే వారం సోమవారం కలెక్టరేట్లో ఒకటి ఇచ్చాను, మునిసిపాలిటీకి ఒకటి రిజిస్టర్ పోస్టు చేశాను. మా ఆయన, "ఉద్యోగం చేసేదానివి, మన డిపార్ట్‌మెంట్ మీదే అర్జీ పెడితే రేపు నిన్ను బతకనిస్తారా?" అని భయపడ్డాడు. ఆయన భయం ఉత్తదేం కాదు. అయినా ఆ రోజు సంతకం పెట్టింది టీచరుగా కాదు, తల్లిగా.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. "మీ పాపను పంపండి మేడం, మనం మనం డిపార్ట్‌మెంటోళ్లం కదా, ఇంత దూరం ఎందుకు" అన్నారు. మిగతా నలుగురి సంగతేంటంటే, అది చూద్దాం అన్నారు. చదువుకుని ఉద్యోగంలోకి వచ్చిన మనలాంటివాళ్లకు వేసే ఎర ఇదే. ఒక్క సీటు ఇచ్చి నాలుగు సీట్ల మీద నోరు కట్టేస్తారు. అర్జీ ఒకటే కాబట్టి జవాబూ ఒకటే కావాలన్నాను. పదకొండో రోజున పిలిచారు. నా కూతురూ, పల్లె పిల్లలు ముగ్గురూ చేరారు. నిండిపోయిన సెక్షన్‌లో నాలుగు బెంచీచోట్లు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ చెప్పలేదు. పొగాకు పనికి పోయిన పిల్ల మాత్రం రాలేదు. అప్పటికే వాళ్లమ్మ కూలికి ఊరు దాటిపోయింది, పిల్లనూ తీసుకుపోయింది. అర్జీలో ఆ పిల్ల పేరు రెండోది.

తర్వాత నాకు వచ్చిన జవాబు రెండు వరుసలు. పిల్లలను చేర్చుకున్నందున అర్జీ ముగించడమైనది అని. ఎందుకు కాదన్నారో అందులో లేదు. సమాచార హక్కు చట్టం 2005లో 4వ సెక్షన్ ఒక మాట చెబుతుంది: పాలనా నిర్ణయం ఎవరిమీద పడిందో వాళ్లకు కారణం చెప్పాలి. దాని ప్రకారం కారణం అడుగుతూ, ఆ నెలలో ఆరో తరగతిలో ఎవరెవరు ఏ తేదీన చేరారో లెక్క అడుగుతూ ఇంకో దరఖాస్తు పెట్టాను. లెక్క వచ్చింది. మమ్మల్ని కాదన్న తేదీ తర్వాత, మేం చేరకముందే, అదే సెక్షన్‌లో మరో ముగ్గురు చేరి ఉన్నారు. కారణం మాత్రం రాలేదు.

విద్యార్థులకూ, ఉద్యమంలో ఉన్నవాళ్లకూ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పల్లెల్లో జూన్ నెలలో ఇంటింటికీ తిరిగి బడి నుంచి తిప్పి పంపిన పిల్లల పేర్లు రాయండి. ఏ రోజు పోయారు, ఎవరు ఏమన్నారు, అన్నీ రాయండి. కాదన్నది రాసివ్వమనండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని మీరే రాసి, తపాలాలో నెంబరు వేయించండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. ఈ చట్టం పద్నాలుగేళ్ల దాకే. తొమ్మిది, పది తరగతుల గుమ్మం దగ్గర ఇంకా కొట్లాట మిగిలే ఉంది. ఒక్క మనిషి అర్జీ కాకుండా పల్లె అర్జీ పెట్టండి. ఒక్కరిని పిలిచి సర్దిచెప్పే వీలు వాళ్లకు ఇవ్వకండి.

పొగాకు గ్రేడింగుకు పోయిన పిల్ల ఇప్పుడు ఎక్కడుందో వెతుకుతున్నాం. వాళ్ల మేనమామ ఫోన్ నెంబరు ఒకటి దొరికింది. ఆ పిల్ల సీటు కోసం పెట్టిన అర్జీ మాత్రం ముగిసిపోలేదని ఆఫీసుకు మళ్లీ రాశాను. దానికీ నెంబరు పడింది.