పూరీ తీరమున చేపల విందు

పూరీ క్షేత్రమునకు పోయివచ్చిన తెలుగువారు జగన్నాథుని మహాప్రసాదమును గుఱించి చెప్పక మానరు. ఆ పట్టణముననే, సముద్రపుటొడ్డున, తెలుగుచేతులు వండెడి మఱియొక భోజనము కలదు. దాని నెఱిగినవారు మనలో తక్కువ. ఒడిశాలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములు దాని చరిత్రమును తెలిసికొనుట యుచితము.

పూరీలో పెంఠకటా యను పేట తెలుగు జాలరుల పెద్ద నివాసము. వీరిలో ఎక్కువమంది వాడబలిజలు. ఒడియావారు వీరిని నోలియాలందురు. వీరి పూర్వులు ఉత్తరాంధ్ర తీరమునుండియు గంజాం తీరమునుండియు వచ్చినవారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడువఱకు గంజాం జిల్లాలో ఎక్కువభాగము మద్రాసు రాజధానిలోనిదే. చేపల వెంట తీరము పట్టుకొని పోయెడి జాలరికి ఆ దారి పరదేశపు దారి కాదు. మొదట ఋతువున వచ్చి, గుడిసెలు వేసికొని, తిరిగిపోయిన వారు క్రమముగా నచ్చటనే నిలిచిపోయిరి.

పూరీ తీరమున ఓడరేవు లేదు. అలలు నేరుగా ఇసుకపై విఱుగును. అట్టి సముద్రమును దాటుటకు దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పయు, పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన పడవయు పూర్వము వీరికి సాధనములు. మేకులు లేని ఆ కుట్టుపడవ అల తాకినప్పుడు పగులక కొంత వంగి నిలుచును. 1897లో పూరీకి రైలు వచ్చిన పిమ్మట సముద్రస్నానమునకు వచ్చువారు పెరిగిరి. మొనదేలిన టోపీ ధరించి యాత్రికుల చేయిపట్టి అలలలో నిలిపినవారును ఈ నోలియాలే.

ఒడ్డునుండి పెద్దవల లాగుట ఒక్కరివలన నగు పని కాదు. ఒక త్రాటికొనను ఒడ్డున నుంచి, పడవవారు వలను విడుచుచు అర్ధచంద్రాకారముగా చుట్టివచ్చి, రెండవ కొనను కొంతదూరమున ఒడ్డునకు చేర్తురు. ఇరువైపుల జనులు వరుసలుగా నిలిచి, అడుగడుగు వెనుకకు వేయుచు లాగుదురు. చేప వచ్చిన పిమ్మట పడవకును, వలకును, మనుష్యులకును వాటాలు. అమ్మకమునకు పోకముందే కూరకు కొంత విడిగా తీయుదురు. ఒడ్డున జరుగు విందునకు మూలము ఈ కూరచేపయే.

కొన్నియేండ్ల క్రిందట మా యూరి తెలుగు కుటుంబములు కొన్ని కలసి అచ్చట నొక విందు చేయదలచినవి. వనభోజనముల నెల గదా యని మేము కార్తికమును నిర్ణయించితిమి. పెంఠకటాలోని యొక ముసలమ్మ నవ్వి, “కార్తీకంలో చేపలేటి బాబూ? ఛాడఖాయి అయినాక రండి” అన్నది. కార్తిక మాసమున పూరీలో మాంసాహారులును చేపను విడుతురు. పూర్ణిమ మఱునాడు మరల తినెడి దినమే ఛాడఖాయి. మాకంటె ఆమె ఆ యూరి మర్యాదను బాగుగా నెఱుగును.

ఆమె చెప్పినట్లే తరువాత పోయితిమి. గాలికి అడ్డముగా ఇసుకలో గుంట త్రవ్వి, మూడు రాళ్లు పెట్టి, సరుగుడు పుల్లలతో నిప్పు చేసిరి. కవళ్లను పొలుసుతోనే నిప్పులమీద కాల్చిరి; కాలిన తోలు తీసినంతనే లోపలి కండ తెల్లగా వచ్చినది. మట్టికుండలో చింతపండు పులుసు, మిరపకారము, పసుపు, ఉప్పు, ఉల్లి మరగిన పిమ్మట చేపముక్కలను వేసిరి. మా ఇంటివారు గరిటె తీయగా ముసలమ్మ వారించి, కుండను అంచు పట్టి త్రిప్పినది. గరిటె తగిలిన చేప చెదరునట. వంట ముగిసిన పిమ్మట నిప్పును ఇసుకతో కప్పక సముద్రజలముతో ఆర్పిరి. ఇసుకక్రింది నిప్పు మఱునాడు వల లాగువారి పాదములను కాల్చును.

ఆకులు పఱచినప్పుడు మేమందఱము కూర్చుంటిమి. వండినవారు వడ్డించుటకై నిలిచియుండిరి. ఎవరికిని అది వింతగా తోచలేదు. మాలో ఒక పెద్దాయన మాత్రము ఆకు ముట్టక, “వారు కూర్చున్నగాని నేను తినను” అనెను. కొంతసేపు మౌనము. తుదకు వారును అదే బంతిలో కూర్చుండిరి. ఆ మౌనమును తలచినప్పుడు నాకిప్పటికిని సిగ్గగును.

ఒడియా బడిలో చదువు మా పిల్లవానికి చేపలన్నియు ‘మాఛ’యే. ప్రక్కన కూర్చున్న జాలరి బాలుడును ఒడియా బడివాడే. అయినను వాడు కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, చందువ, సొర యని వ్రేలితో చూపుచు వరుసగా చెప్పెను. మనము సంఘములు పెట్టి, ఉగాదులు జరిపి, గ్రంథాలయములు నిలిపి భాషను కాపాడుచున్నామని తలంతుము. అది నిజమే. కాని తెలుగు లిపి యెఱుగని ఆ పేటలో, పని విడువనందున, మన మాటలు మనకంటె భద్రముగా నున్నవి.

2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీవద్దనే తీరము దాటినది. పెంఠకటా మిక్కిలి దెబ్బతిన్నది. మరల గుడిసెలు లేచినవి, వలలు బాగైనవి. మన సంఘములు ఈసారి తీరభోజనము చేసినప్పుడు రెండు పనులు చేయవలయునని నా మనవి: బంతి ఒక్కటిగా నుండవలెను; మన పిల్లల చేతికి ఒక పుస్తకమిచ్చి, ఆ చేపల పేర్లను వారి నోట విని తెలుగున వ్రాయింపవలెను.