చెదిరిన దళం

గరికపాటి రాజారావు చదివింది వైద్యం. మనసు పడ్డది నాటకం మీద. 1943లో బొంబాయిలో ఇప్టా (భారత ప్రజా నాటక సంఘం) పుట్టింది. ఆ ఏడే ఆంధ్రలో కమ్యూనిస్టుల అండతో ప్రజానాట్యమండలి మొదలైంది. దాన్ని ముందుండి నడిపినవాడు ఈ డాక్టరే.

మండలి ప్రాణమంతా బుర్రకథలోనే ఉండేది. జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకునే పాత కథారూపాన్ని వీళ్లు తీసుకున్నారు. మధ్యలో తంబుర భుజాన వేసుకున్న కథకుడు, చేతివేళ్లకు అందెలు, చెరోపక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు నవ్వించాలి. రెండోవాడు రాజకీయం చెప్పాలి. ఈ రెండోవాడి వల్లే వీరగాథ మధ్యలోకి బ్లాక్‌మార్కెట్ బియ్యమూ, భూస్వామి కౌలూ వచ్చి కూర్చున్నాయి. చదువు రాని రైతుకు అంతకు మించిన పత్రిక ఏముంది? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ కథ చెబుతుంటే జనం రాత్రంతా కదిలేవారు కారు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ‘మాభూమి’ రాశారు. నాటకంలో కథ తెలంగాణ రైతుది. ఆడింది మాత్రం ఎక్కువగా కోస్తా జిల్లాల్లో. వందకు పైగా నాటక దళాలు దాన్ని భుజానికెత్తుకున్నాయి. సర్కారుకు భయం పుట్టింది. నాటకం మీద నిషేధం పెట్టింది, బుర్రకథను కట్టడి చేసింది. కళాకారులు కొందరు జైళ్లకు, కొందరు అజ్ఞాతానికి.

మండలిని నిషేధం చంపిందని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. అసలు దెబ్బ నిర్బంధం సడలాక పడింది. దాక్కున్నవాళ్లు బయటికొచ్చేసరికి దళాలు లేవు, ఇంట్లో తిండిగింజలూ లేవు. ఆకలికి మద్రాసు స్టూడియోలు కనిపించాయి. మండలి నటులు మిక్కిలినేని, అల్లు రామలింగయ్య అటే వెళ్లి వెండితెర మీద స్థిరపడ్డారు. వాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికుంది?

రాజారావూ వెళ్లాడు. అయితే మండలి మనుషుల్ని వెంటబెట్టుకుని, తానే దర్శకుడై 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. జమున తొలిసారి తెరమీద కనిపించింది అందులోనే. అల్లు రామలింగయ్యకూ అదే మొదటి సినిమా. పరిచయమైనవాళ్లు నిలిచారు, సినిమా నిలవలేదు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు చిత్తుగా ఓడాక ఊళ్లలో దళాలను పిలిచే చేతులూ తగ్గిపోయాయి. 1963లో రాజారావు కన్నుమూశాడు. అప్పటికి యాభై ఏళ్లు నిండలేదు. మరుసటి ఏడే కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. ఆ చీలిక చూడాల్సిన బాధ ఆయనకు తప్పింది.

తర్వాత మండలి మళ్లీ లేచింది. కాకపోతే ఒకే పేరుతో రెండుగా: ఒకటి సీపీఐ వెంట, ఒకటి సీపీఎం వెంట. ఈలోగా 1970ల్లో హైదరాబాదు కుర్రాళ్లు జననాట్యమండలి పెట్టుకున్నారు. వాళ్ల గాయకుడు గద్దర్ గొంగడి, గజ్జెలతో పాత దళాల చోటు ఆక్రమించాడు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయనను వెంటాడిన ప్రభుత్వాల వారసులే ఇచ్చారు.

1980లో గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ సినిమా తీస్తే, అది సుంకర, వాసిరెడ్డిల నాటకమే అనుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు, దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. నాటకానికి మిగిలింది ఆ పేరొక్కటే.