పక్షికంటిలోని నల్లదువ్వెన

ప్రయోగశాలలో కోడికన్నును కోసి చూపినప్పుడు విద్యార్థులు ఏటేటా అడిగే ప్రశ్న ఒకటున్నది. కటకాన్నీ, నేత్రపటలాన్నీ వారు సులభంగానే గుర్తిస్తారు. అవి మన కంటిలోనూ ఉన్నవే. కాని కన్ను వెనుకగోడ నుంచి లోపలి తేటపదార్థంలోకి నల్లని పొర ఒకటి మడతలు మడతలుగా పొడుచుకొని వచ్చి ఉంటుంది. "ఇదేమిటి మాస్టారూ? వెలుగు పోయే దారిలో ఈ అడ్డు ఎందుకు?" అంటారు. ఈ ప్రశ్న మన విద్యార్థులది మాత్రమే కాదు. శాస్త్రజ్ఞులను కూడా ఇది మూడు శతాబ్దాలపాటు వేధించింది.

ఆ పొర పేరు పెక్టెన్. లాటిన్ భాషలో ఈ మాటకు దువ్వెన అని అర్థం. పారిస్ విజ్ఞాన అకాడమీ సభ్యుడు క్లాడ్ పెరో 1676 నాటికే దీన్ని వర్ణించాడు. ఆయన వైద్యుడు, వాస్తుశిల్పి కూడా. ఆ అకాడమీవారు రాజుగారి జంతుశాలలో చనిపోయిన జంతువులను కోసి పరిశీలించేవారు; కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్లు వ్రాసేవారు. ఐతే ఒక అవయవాన్ని వర్ణించడం వేరు, అది చేసే పనిని కనిపెట్టడం వేరు.

ఊహలకు మాత్రం కొదువ లేకపోయింది. మిరుమిట్లు గొలిపే ఎండ నుంచి కంటిని కాపాడే గొడుగు ఇది అన్నారు కొందరు. కటకాన్ని కదిలించి, దగ్గరి వస్తువులకూ దూరపు వస్తువులకూ చూపును సర్దేది ఇదే అన్నారు మరికొందరు. కాని పెక్టెన్‌లో కండరమే లేదు. పైగా 1813లో ఫిలిప్ క్రాంప్టన్ అనే డబ్లిన్ శస్త్రవైద్యుడు పక్షికన్ను ముందుభాగంలో ఒక కండరాన్ని వర్ణించి, చూపును సర్దే పని దానిదని చెప్పాడు. నేటికీ ఆ కండరాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

ఒక్క జాతిని కాక, పలు జాతులను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు కొత్త వెలుగు కనిపించింది. 1866లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ షుల్ట్జ్ పగటిపక్షుల నేత్రపటలాన్ని గుడ్లగూబ నేత్రపటలంతో పోల్చాడు. మొదటివాటిలో శంకువులు మెండు. గుడ్లగూబలో దండాలు మెండు. కాబట్టి శంకువులు పగటి చూపుకు, దండాలు మసకచీకటి చూపుకు అని ఆయన గ్రహించాడు. మనిషి కంటికి కూడా వర్తించే ఈ సూత్రానికి పక్షులే సాక్ష్యమిచ్చాయి.

పెక్టెన్‌ను కూడా ఇలాగే పోల్చి చూద్దాం. రాత్రిపూట నేలమీద తిరిగే న్యూజిలాండ్ కివి పక్షిలో ఇది మడతలు లేని చిన్న మొలక మాత్రమే. గుడ్లగూబలలో మడతలు సాధారణంగా పదికి మించవు. కోడికి 16 నుంచి 18 వరకు ఉంటాయి. పగలంతా చురుకుగా తిరిగే కాకి కుటుంబపు పక్షులలో 20 దాటుతాయి. మడతలు పెరిగినకొద్దీ పొర వైశాల్యం పెరుగుతుంది. ఆ మడతల నిండా సన్నని రక్తనాళాలే. కాని, పక్షి నేత్రపటలంలో ఒక్క రక్తనాళమైనా లేదు! పెక్టెన్ దానికి పోషణ అందించే అవయవం కావచ్చునన్న భావన ఇందువల్ల బలపడింది.

ఐతే కోసిన కంటిలో రక్తం పారదు, కదలిక ఉండదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించిన నేత్రదర్శిని బ్రతికి ఉన్న కంటి లోపలి గోడను చూచే వీలు కల్పించింది. షికాగో నేత్రవైద్యుడు కేసీ వుడ్ ఆ పద్ధతిలో పలుజాతుల పక్షుల కళ్లను పరిశీలించి, రంగుచిత్రాలతో 1917లో పెద్ద గ్రంథం వెలువరించాడు. చూపు మిక్కిలి స్పష్టంగా ఉండే గుంట కొన్ని పక్షులలో ఒకటే. డేగలవంటి వాటిలో రెండు. ఒకటి పక్కకు చూడడానికి, రెండవది ముందుకు చూడడానికి.

చివరకు 1990లో పెట్టిగ్రూ, వాల్మన్, వైల్డ్‌సోయెట్ అనే ముగ్గురు 'నేచర్' పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించారు. పక్షి చూపును ఒకచోటి నుంచి మరొకచోటికి మరల్చినప్పుడల్లా కనుగుడ్డు వేగంగా అటూఇటూ కంపిస్తుంది. రక్తంలోకి ఎక్కించిన రంగు, ఆ కుదుపులకు పెక్టెన్ నుంచి వెలువడి నేత్రపటలంవైపు వ్యాపించడం వారు గమనించారు. అనగా పెక్టెన్ రక్తంలోని పదార్థాలను కంటి లోపలికి విడుస్తుంది. కంటి కదలికే వాటిని చిలికి పంచుతుంది! పోషణే దీని ముఖ్యమైన పని అని నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

ఇక విద్యార్థులు అన్న 'అడ్డు' సంగతి. పెక్టెన్ నిలిచినది దృక్‌నాడి కన్ను దాటి బయటకు పోయే చోట. అక్కడ వెలుగును పట్టే కణాలు ఎలాగూ లేవు. మన కంటిలో రక్తనాళాలు నేత్రపటలం మీద తీగలవలె అల్లుకొని, దానిమీద సన్నని నీడలు వేస్తాయి. పక్షికంటిలో అవి ఒక్కచోటనే మడతపడి ఉండడంవల్ల తక్కిన పటలమంతా తేటగా ఉంటుంది.

అందుచేత కోడికన్నును కోసి చూచిన విద్యార్థులతో నేను ఒక మాట చెబుతుంటాను: సాయంత్రం ఇంటికి వెళ్లి, పెరట్లో గింజలేరుకొనే కోడి తల తిప్పి చూపు మరల్చడం కూడా కాసేపు గమనించండి. ప్రయోగశాలలో చూచిన దువ్వెన పనిచేసేది అప్పుడే.