పాత టీవీ, ఫోన్ తుక్కుకు వేస్తున్నారా? కంపెనీలు చేయాల్సిన పని ఇదీ.. వికారాబాద్, తాండూరు వాసులు తెలుసుకోవాల్సిన విషయాలు

పాడైన డబ్బా టీవీ, కాలిపోయిన మిక్సీ, పగిలిన ఫోన్.. వికారాబాద్ అయినా తాండూరు అయినా ఇవి చివరికి చేరేది తుక్కు బండికే. నాలుగు రూపాయలు వస్తే చాలనుకుంటారు చాలామంది. కానీ ఆ పాత వస్తువు బాధ్యత దాన్ని అమ్మిన కంపెనీపైనే ఉందని చట్టం చెబుతోంది. అదెలాగో చూద్దాం.

రూల్స్ ఏమంటున్నాయి?

ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలను కేంద్రం 2022 నవంబర్‌లో నోటిఫై చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి. మొత్తం 106 రకాల వస్తువులు వీటి పరిధిలో ఉన్నాయి. తయారీదారులు, బ్రాండ్ కంపెనీలు, రిపేరు చేసి మళ్లీ అమ్మే సంస్థలు, రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో రిజిస్టర్ కావాల్సిందే.

టార్గెట్ ఎంత?

కంపెనీ ఏటా ఇంత బరువు పాత సరుకును రీసైకిల్ చేయించాలని లెక్క ఉంది. ఒక వస్తువు ఆయుష్షు పదేళ్లు అనుకుంటే, పదేళ్ల కిందట అమ్మిన సరుకు బరువే దానికి ఆధారం. అందులో 2023-24, 2024-25లో 60 శాతం, 2025-26, 2026-27లో 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ కావాలి. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొని కంపెనీ ఈ లెక్క చూపిస్తుంది. చూపించకపోతే పర్యావరణ పరిహారం కట్టాలి. కట్టేశాం కదా అని బాధ్యత తీరిపోదు.

విష పదార్థాలకు హద్దు

సీసం, పాదరసం, హెక్సావలెంట్ క్రోమియం, మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు.. ఇవి వస్తువులోని ఏ పదార్థంలోనూ బరువులో 0.1 శాతం దాటకూడదు. కాడ్మియం అయితే 0.01 శాతమే. ఈ హద్దు పాటించామని కంపెనీ యూజర్ మాన్యువల్‌లో రాసివ్వాలి. సీపీసీబీ శాంపిల్స్ తీసి టెస్ట్ చేయిస్తుంది. తేడా వస్తే సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలి.

అసలు చిక్కు ఎక్కడంటే..

మన దేశంలో ఈ హద్దులు అమలైంది 2014 మే 1 నుంచే. అంతకుముందు కొన్న డబ్బా టీవీలు, కంప్యూటర్ మానిటర్లే ఇప్పుడు తుక్కుకు వస్తున్నాయి. వాటి గాజులో సీసం ఎక్కువ. రాగి కోసం వైర్లు కాల్చినా, బోర్డులను యాసిడ్‌లో ముంచినా ఆ విషం గాల్లోకి, నేలలోకి, నీళ్లలోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లోనే మూసీ పుడుతుంది. ఆ నీళ్లే హైదరాబాద్ పక్కన గండిపేటకు చేరతాయి. తాండూరు పక్కనుంచి పారే కాగ్నా కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. అంటే ఇక్కడి తుక్కు కాలిస్తే నష్టం ఇక్కడితో ఆగదు.

ప్రపంచంలోనూ ఇదే పరిస్థితి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు వస్తే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

జనం ఏం చేయాలి?

* కొత్తది కొనేటప్పుడు పాతది వెనక్కి తీసుకుంటారా అని షాపులో అడగాలి. కంపెనీ వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు.
* కొట్టేసిన చెత్తబుట్ట గుర్తు ఉన్న వస్తువును మామూలు చెత్తలో వేయొద్దు.
* వైర్లు, బోర్డులు ఇంటి దగ్గర కాల్చొద్దు. పిక్చర్ ట్యూబ్ పగలగొట్టొద్దు.
* ఏడాదిలో వెయ్యి, అంతకు మించి ఎలక్ట్రానిక్ వస్తువులు వాడే సంస్థలు పాతవాటిని రిజిస్టరైన వారికే ఇవ్వాలి. ఇది సలహా కాదు, నిబంధన.