ఫ్యాన్ మోత తగ్గించిన నీటిచుక్క: సీపీయూ కూలర్ కథ

ఈ ఎపిసోడ్ ఎయిర్ కూలర్ గురించి. మన సీమలో కూలర్ అంటే ఎండాకాలం నీళ్లు పోసి కిటికీలో పెట్టేదే గుర్తొస్తుంది. నేను చెప్పేది డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మీద కూర్చునేది. నేనుండేది అహోబిలం. గదిలో ఏసీ లేదు, రికార్డింగప్పుడు సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేస్తా. ఇక కంప్యూటర్ గుయ్యిమంటే ఆ మోతంతా మైక్‌లోకే!

మొదట్లో ఈ గొడవే లేదు. 1980ల్లో పర్సనల్ కంప్యూటర్ ప్రాసెసర్ల మీద చాలావరకు ఏమీ ఉండేది కాదు. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్లు లాగేది. దాంతో అల్యూమినియం రెక్కలు, వాటి మీద చిన్న ఫ్యాన్ మామూలైపోయాయి. 2004లో పెంటియం 4 ప్రెస్కాట్ మోడళ్లు కొన్ని 100 వాట్లు దాటేశాయి. వేడి పెరిగేకొద్దీ ఫ్యాన్ వేగం పెంచారు, మోత కూడా పెరిగింది. అదే ఏడాది ఇంటెల్ తన తర్వాతి చిప్ టేజాస్‌ని మధ్యలోనే వదిలేసింది.

మరి దారి ఎక్కడ దొరికింది? హీట్ పైప్‌లో. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో జార్జ్ గ్రోవర్ దాన్ని తయారుచేశాడు, అంతరిక్షంలో వాడాలని. మన మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లగుంటాయి? ఊరిన తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది గదా! ఇదీ అంతే. రాగి గొట్టంలో గాలి తీసేసి కొంచెం నీళ్లు పెట్టి మూస్తారు. ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రెక్కల దగ్గర వేడి వదిలి, మళ్లీ నీరై వెనక్కొస్తుంది. కుండలో నీళ్లు తరిగిపోతాయి, ఇందులో తరగవు.

దీంతో రెక్కలని ఎత్తుగా, పెద్దగా పెట్టే వీలొచ్చింది. పెద్ద రెక్కలకి నెమ్మది గాలి చాలు. ఒకే ఫ్యాన్ వేగం సగం చేస్తే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 2005లో ఆస్ట్రియాలో మొదలైన నాక్టువా ఈ దారిలోనే పేరు తెచ్చుకుంది. 2009లో వచ్చిన వాళ్ల ఎన్‌హెచ్-డీ14 అయితే రెండు టవర్ల భారీ కూలర్.

ఇప్పుడు కొనే సంగతి. ఎయిర్ కూలర్ ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా చేయలేదు. గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ ఉంచే కూలర్, 25 డిగ్రీల గదిలో 70 చూపిస్తే, మే నెలలో మన 40 డిగ్రీల గదిలో 85 చూపిస్తుంది. అప్పుడు ఫ్యాన్ దానంతటదే వేగం పెంచుతుంది. అందుకే విదేశీ రివ్యూలో వేడి అంకె ఒక్కటే కాదు, వాళ్ల గది ఎంత వేడిగా ఉందో కూడా చూడండి.

65 వాట్ల ప్రాసెసర్‌కి నాలుగు హీట్ పైపుల, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ సరిపోతుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్ తీసుకోండి, వేగం అదుపులో ఉంటుంది. కేబినెట్‌లో ఎంత ఎత్తు పడుతుందో ముందే కొలవండి. రంగురంగుల లైట్లకి పెట్టే డబ్బు రెక్కల సైజుకి పెట్టండి. నెలకోసారి కంప్యూటర్ ఆపి, రెక్కల్లో దుమ్ము బ్రష్‌తో దులపండి. మన ఎర్రదుమ్ము పేరుకుంటే ఎంత ఖరీదైన కూలరైనా అరవక తప్పదు!